అప్‌డేట్: నాలుగో పిల్లిని మా మూడూ రానివ్వట్లేదని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు దగ్గర దొరికిన పిల్లిపిల్లని నల్గొండ తెచ్చుకుంటే మా ఇంట్లో యుద్ధమే అయిందని. మీరు చెప్పినట్టే దాన్ని వెనక గదిలో విడిగా పెట్టి, అది పడుకున్న టవల్ వీటి దగ్గర, వీటి గుడ్డలు దాని దగ్గర వేసి (వాసన అలవాటవ్వాలని), మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెట్టి తినిపించాను. మూడు వారాలు పట్టింది. ఎర్రోడికి మొదటిరోజు నుంచే ఏ బాధా లేదు, గిన్నె నిండితే చాలు వాడికి. సమస్యంతా మూడు రంగుల ముసలమ్మతోనే, అది బీరువా ఎక్కి కూర్చుని పైనుంచి బుస్సుమనేది, దాన్ని చూసి నల్లది కూడా (సొంత బుద్ధి లేదు పాపం). ఇసుక ట్రేలు ఐదు చేశాక, అంటే పిల్లులకన్నా ఒకటి ఎక్కువ, కొట్లాటలు సగం తగ్గాయి. మధ్యలో మా అత్తమ్మ జాలిపడి కొత్తదానికి పాలు పోస్తే విరేచనాలు పట్టుకుని ఇంకో టెన్షన్. చాలా పిల్లులకు పాలు అరగవని ఆమెకు చెప్పడమే పెద్ద పని. కొత్తదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వచ్చే వారం. నిన్న రాత్రి ముసలమ్మ దాని చెవి నాకింది, తర్వాత ఒక్కటి పీకింది కూడా.