పాత పద్ధతుల కాపురం: డబ్బు మిగులుతుందా, ఆడవాళ్ళకి పని పెరుగుతుందా?

కోటగుమ్మం (విజయనగరం):

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, పాతికా ముప్ఫై మధ్య వయసు వాళ్ళే రోట్లో పచ్చడి నూరుతూ, మీగడ చిలికి నెయ్యి కాస్తూ, కుంకుడుకాయలు కొడుతూ, పాత చీరలతో బొంతలు కుడుతూ కనపడుతున్నారు. అమ్మమ్మల కాపురం మళ్ళీ ఫ్యాషనైపోయింది. నేనూ పెళ్ళయ్యాక రెండు గదుల అద్దె ఇంట్లో వీటిలో కొన్ని చేస్తున్నా, ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే, అద్దె, బండి ఈఎంఐ, ఊరికి పంపేది పోయాక నెలాఖరుకి ఏం మిగలట్లేదు కాబట్టి చేస్తున్నా. మా ఆఫీసులో దీని మీద రోజూ వాదనే, కొందరు బంగారం అంటారు, కొందరు చదువుకుని మళ్ళీ వంటింట్లోకి పోవడం ఏంటంటారు. నా మాట సూటిగా చెప్తా. డబ్బు మిగులుతుంది, కానీ అన్నిట్లోనూ మిగలదు, ఏది మిగులుస్తుందో లెక్క కట్టుకోవాలి, ఆ పని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చెయ్యాలి. ఈ రెండూ లేకపోతే దాన్ని పొదుపు అనకూడదు.

ముందు మిగలనివి. నెయ్యి తీసుకోండి. ఫుల్ క్రీమ్ పాలల్లో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలల్లో 3 శాతం, ప్యాకెట్ మీదే రాసుంటుంది. అంటే ఫుల్ క్రీమ్ పాలు లీటరుకి మీగడ చుక్క పోకుండా తీసినా వచ్చేది 60 గ్రాముల చుట్టూనే, కేజీ నెయ్యి కావాలంటే పదహారు పదిహేడు లీటర్లు కావాలి. ఎలాగూ తాగే పాల మీగడ పారెయ్యకుండా దాచుకుంటే లాభమే, కానీ నెయ్యి కోసమని పాలు ఎక్కువ పోయించుకుంటే చేతి నుంచి పడుతుంది. టోన్డ్ పాలు కొని మీగడ రావట్లేదని బాధపడే వాళ్ళని చూశా, అందులో ఉంటే కదా వచ్చేది. ఇక ఇత్తడి, కంచు గిన్నెలు. మన బుడితి ఇత్తడంటే నాకూ మమకారమే, కానీ పొదుపు పేరు చెప్పి వేలు పోసి సెట్టు కొనడం, లోపల కళాయి (తగరం పూత) లేకుండా అందులో చింతపండు పులుసు కాయడం, ఆ చిలుము కూరలోకి దిగి కడుపు పాడవడం... కళాయి వేసేవాళ్ళు మా వీధిలోకి రావడమే మానేశారు.

ఇప్పుడు మిగిలేవి. 2022-23లో కేంద్రం చేసిన గృహ వినియోగ ఖర్చుల సర్వేలో, పట్టణాల్లో ఇంటి ఖర్చులో తిండికి పోయేది 39 శాతం, అందులో కూల్‌డ్రింకులు, టీలు, బయటి తిండి, ప్యాకెట్ సరుకు పద్దు ఒక్కటే 10.64 శాతం. కూరగాయలకి 4 శాతం కూడా లేదు. మనం రైతు బజార్లో వంకాయల దగ్గర రెండ్రూపాయలకి బేరమాడి, సాయంత్రం ఆ పక్కనే బజ్జీలకి యాభై ఇచ్చేస్తాం. కాబట్టి పొద్దున్న టిఫిను, ఆఫీసు క్యారేజీ, సాయంత్రం ఏదో ఒకటి నమలడం, ఈ మూడూ ఇంట్లోంచి వస్తే చాలు, తేడా ఆ నెలలోనే తెలుస్తుంది. రెండోది సీజన్లో కొనడం. కొత్త చింతపండు సాలూరు, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వేసవి ముందు దిగుతుంది, అప్పుడు ఏడాదికి సరిపడా కొని, గింజా ఈనె తీసి, ఉప్పు చల్లి జాడీలో కుక్కి పెట్టుకోవడం మా అత్తగారి దగ్గరే నేర్చుకున్నా. నెలనెలా పావుకేజీ ప్యాకెట్ కొనే వాళ్ళు ఒక్కసారి కూడి చూసుకోండి.

మీ అనుభవాలు చెప్పండి, ఒప్పుకోకపోయినా పర్లేదు.

రాజాం కుర్రోడు:

అక్కా నేను ఒప్పుకోను. మా వయసులో రెండు గంటలు వంటింట్లో పెడితే మిగిలేది వంద, ఆ రెండు గంటలు ఏదైనా కోర్సు నేర్చుకుంటే వచ్చే ఏడు జీతమే పెరుగుతుంది కదా. ఖర్చు తగ్గించుకోవడానికి ఒక హద్దుంది, అద్దె ఎంతని తగ్గిస్తారు, ఈఎంఐ ఎంతని తగ్గిస్తారు, సంపాదనకి ఆ హద్దు లేదు. నాకు ఈ బొంతలు అవీ చూస్తే, ఉద్యోగాలు సరిగా లేని చోట కుర్రకారుని ఉన్నదాంతో సర్దుకోమని చెప్తున్నట్టు ఉంటుంది. మన జిల్లాల నుంచి బస్సులకి బస్సులు హైదరాబాద్, చెన్నై పోతున్నాయి పనికోసం, దానిమీద మాట్లాడాలి ముందు.

కోటగుమ్మం:

తమ్ముడూ, కోర్సు చేసి జీతం పెంచుకుంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ ఆ రెండు గంటలూ నిజంగా కోర్సుకే పోతున్నాయా? నా చుట్టూ ఉన్న వాళ్ళకి ఫోన్లోనే పోతున్నాయి. పైగా ఓవర్‌టైమ్ చేసినా పైసా రాని ఉద్యోగాలే ఎక్కువ ఇక్కడ. జీతం మన చేతిలో లేదు, క్యారేజీ మన చేతిలో ఉంది. ఉద్యోగాల సంగతి మాట్లాడాలన్నది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం, అది వచ్చేదాకా ఆకలి ఆగదు కదా.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అమ్మాయ్, నాకు యాభై దాటాయి, పిన్నిలాంటిదాన్ని, కాస్త గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకు. మీరు ముచ్చటపడే పనులన్నీ మేం విధిలేక చేసీవాళ్ళం. తెల్లారగట్ల లేచి కల్లాపు, అంట్లు, ఆపైన పొయ్యి. తడి కట్టెలు రాజుకోక గొట్టంతో ఊది ఊది మా అమ్మకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. రుబ్బురోలు ముందు కూర్చుంటే నడుం లేచేది కాదు. 1999లో దీపం పథకం వచ్చి మా వీధిలో డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన రోజు పండగే అనుకో, ఆ తర్వాత ఇన్నాళ్ళకి 2024 నవంబర్లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని మన ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే మొదలెట్టారు. ఇన్ని తంటాలు పడి వంటింట్లోంచి కాస్త బయటకి వస్తే, ఇప్పుడు మీరు మళ్ళీ రోలు కొనుక్కుని ఫోటోలు పెడుతుంటే కడుపులో దేవినట్టుంటది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది మీకు తెలీదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్నో అబ్బాయి తల్లి ఏటి అడిగిందో తెల్సా, "మీ అమ్మాయి పచ్చళ్ళు, పొడులు, వడియాలు అన్నీ ఇంట్లోనే చేస్తాదా, మావాడికి బయటివి అలవాటు లేదు" అని. మా అమ్మాయి ఆ అబ్బాయితో సమానంగా సంపాదిస్తన్నాది. పదేళ్ళ కిందట ఈ మాట అడగడానికి మొహమాటపడేవారు, ఇప్పుడు మీ వీడియోలు చూసి ధైర్యంగా అడుగుతున్నారు. మీకు ముచ్చటైనది ఇంకొకరికి షరతు అవుతోందమ్మా. అది చూసుకోండి.

ఉద్దానం కొబ్బరి:

పిన్నిగారి మాటకి ఇంకోటి కలుపుతా. మా తాతల పొదుపు అంటారు గానీ ఆ పొదుపుకి వెనక దొడ్డి ఉండేది. మా ఇంట్లో కొబ్బరి నూనె కొన్న పాపాన పోలేదు, తోటలో కాయ, ఎండబెట్టి గానుగకి పట్టుకెళ్ళి ఆడించుకోవడం, పనసకాయ కూరకి, జీడిగింజలు పిల్లలకి, కొబ్బరాకులు దడికి, మట్టలు పొయ్యిలోకి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది, ఒక్క రాత్రిలో చెట్లన్నీ పడుకున్నాయి. ఆ మర్నాటి నుంచి నూనె కొనాల్సిందే, కట్టె కొనాల్సిందే, కూర కొనాల్సిందే. మా అమ్మ పొదుపు చెయ్యడం మర్చిపోయిందా? లేదు, చేతిలో వస్తువు లేదు. నాటు కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. అందుకని అద్దె ఇంట్లో ఉన్న వాళ్ళని పట్టుకుని మీ అమ్మమ్మలా బతకలేవా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మమ్మకి ఆవుంది, చెట్టుంది, చేతికింద నలుగురు కోడళ్ళు ఉన్నారు. వీళ్ళకి బాల్కనీ కూడా లేదు.

కోటగుమ్మం గారు చెప్పిన సీజన్లో కొనడం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది, దానికి చోటు ఒక్క జాడీ అంతే చాలు.

ఆమదాలవలస అప్‌డౌన్:

నేను మగాణ్ణే, రోజూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి విశాఖ పోయి వస్తా. మా ఇంట్లో పొద్దున్న వంట నాది, రాత్రిది మా ఆవిడది, బట్టలు నావి, ఇల్లు తుడవడం ఎవరు ముందొస్తే వాళ్ళు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మకి నచ్చలేదు, ఇప్పుడు మాట్లాడట్లేదు. ఇది గొప్పగా చెప్పుకోడానికి రాయట్లేదు, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడతారో కేంద్రం లెక్కకట్టిన 2019 టైమ్ యూజ్ సర్వే అంకెలు చూశాక ఇక్కడ రాయాలనిపించింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు దానికి పెడుతుంటే, అసలు ఇంటిపని చేస్తాం అనే మగాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేశారు, ఆడవాళ్ళది 289కి తగ్గింది, మగాళ్ళది 88కి పడిపోయింది. అంటే ఆడవాళ్ళకి తగ్గిన పది నిమిషాలు మగాళ్ళు అందుకోలేదు, వాళ్ళూ తగ్గించేసుకున్నారు. ఇలాంటి ఇళ్ళల్లోకి మళ్ళీ రుబ్బడం, దంచడం, చిలకడం తెస్తే ఆ గంటలు ఎవరి నెత్తిన పడతాయో చెప్పక్కర్లేదు కదా.

పద్ధతి విషయానికొస్తే, నేను చేసేది చాలా తక్కువ, రాత్రి శనగలో పెసలో నానబోస్తా, పొద్దున్న కుక్కర్లో అన్నం, పప్పు ఒకేసారి ఎక్కిస్తా, నానిన పప్పుకి గ్యాస్ తక్కువ పడుతుంది. ఎండాకాలం చోడి (రాగి) అంబలి సీసాలో పోసుకుని మజ్జిగ, ఉల్లిపాయ ముక్క వేసుకుని రైల్లో తాగేస్తా, అది కడుపులో ఉంటే మధ్యాహ్నం దాకా స్టేషన్ సమోసా వైపు చూడబుద్ధి కాదు. ముందు రోజు పిండి కలిపి పెట్టుకుంటే పొద్దున్న కాచడానికి ఎంతసేపు.

రాజాం కుర్రోడు:

అన్నా అంబలి ఓకే, అది ట్రై చేస్తా. చోళ్ళు పిండి పట్టించుకోవాలా, ప్యాకెట్ పిండి పర్లేదా?

ఆమదాలవలస అప్‌డౌన్:

చోళ్ళు కొని ఎండలో వేసి మిల్లుకి ఇచ్చెయ్ తమ్ముడూ, ప్యాకెట్ కంటే చవక. కేజీకి మించి పట్టించకు, పాతబడితే చేదెక్కుతుంది.

చీపురుపల్లి పొడులు:

మాది పొదుపు సంఘం, కారప్పొడి, కందిపొడి, కరివేపాకు పొడి, గుమ్మడి వడియాలు చేసి అమ్ముతాం. అందరూ ఆడవాళ్ళ కష్టం అంటున్నారు, ఆ కష్టానికి డబ్బులొచ్చే దారి గురించి ఎవరూ అనట్లేదని రాస్తున్నా. అన్నీ ఇంట్లోనే చేసుకోవాలి అన్న పంతం ఎందుకు? గుమ్మడి వడియాలే చూడండి. బూడిద గుమ్మడికాయ ముక్కలు తరిగి ఉప్పు, పసుపు వేసి గుడ్డలో మూటగట్టి రాత్రంతా పైన బరువు పెట్టాలి, నీళ్ళన్నీ కారిపోవాలి. పొద్దున్నే మినప్పప్పు గట్టిగా రుబ్బాలి, నీళ్ళు ఎక్కువైతే వడియం పరుచుకుపోతుంది, కారం ఇంగువ కలిపి పాత పంచె మీద పెట్టి రెండు మూడు ఎండలు ఎండనివ్వాలి, ఒకవైపు ఎండాక తిప్పి పెట్టాలి, మధ్యలో మబ్బేస్తే బూజు. కాకుల కాపలా ఉండనే ఉంది. ఇద్దరున్న ఇంట్లో ఒక కాయ కోసి ఇంత చెయ్యడం కంటే మేం పాతిక కాయలు ఒకేసారి చేస్తే ఒక్కో వడియానికి పడే శ్రమ ఎంత తక్కువ! మేడ లేనివాళ్ళు దాని జోలికి పోకండి. మా దగ్గర కొనండి, మా దగ్గరే అని కాదు, మీ వీధిలో చేసే ఆవిడ దగ్గర కొనండి. కంపెనీ ప్యాకెట్ కంటే తక్కువే పడుతుంది, ఆ డబ్బు ఇంకో ఆడమనిషి చేతికి వెళ్తుంది. కానీ ఒక్క మాట, ఇంట్లో చేసినవి కదా అని బేరం ఆడకండి. మా చేతి కష్టం ఊరికే వచ్చిందా?

నాగావళి గట్టు:

ఇది బావుంది. ఈమె మాట నాకు నచ్చింది. బొంతల సంగతి కూడా ఇంతే. ఇదివరకు ఊరూరా తిరిగి బొంతలు కుట్టే ఆడవాళ్ళు వచ్చీవారు, ఇంటి ముందు కూర్చుని సాయంత్రానికి కుట్టి ఇచ్చేసీవారు. ఇప్పుడు మీరు కుట్టుకుందామన్నా చీరలెక్కడివి? అన్నీ సింథటిక్, వాటితో కుడితే చెమట పీల్చదు, చంటిపిల్లలకి ఒళ్ళంతా పొక్కులు. నేత చీర మెత్తబడ్డాకే బొంతకి పనికొస్తాది. ఉంటే దాచుకోండి, బిడ్డ పుట్టినప్పుడు దానికంటే మెత్తటిది దొరకదు.

కోటగుమ్మం:

పిన్నీ, మీరు సంబంధం గురించి రాసింది చదివాక చాలాసేపు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు. ఇక నుంచి ఎవరైనా నా దగ్గర ఈ పద్ధతుల గురించి అడిగితే మొదటి ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తాడు" అనే ఉంటుంది. మా ఇంట్లో వారం పనులు గోడ క్యాలెండర్ మీద రాసుకుంటాం, ఆయన పేరు ఎదురుగా ఉన్న పని ఆయన చెయ్యకపోతే ఆ పని ఆగిపోతుంది తప్ప నేను చెయ్యను, ఇడ్లీ పిండి లేని వారం ఉప్మాతో సరిపెట్టుకున్నాం. మీ అమ్మాయికి చెప్పండి, ఆ పచ్చళ్ళు అడిగినావిడకి "మీ అబ్బాయికి వచ్చా" అని తిరిగి అడగమని. అలా అడిగే హక్కు ఉంది.

ఉద్దానం అన్నగారూ, మీ మాట నిజమే, దొడ్డి లేని ఇంటికి దొడ్డి లెక్కలు పనికిరావు. నేను రోలు కొనలేదు, కొనను, మిక్సీ ఉంది. నాకు పాత కాలం అక్కర్లేదు, నెలాఖరుకి మిగిలే రెండు మూడు వేలు కావాలి, అవి పోస్టాఫీసు ఆర్డీలో పడాలి. అందుకు క్యారేజీ, సీజను సరుకు, ఎలాగూ వచ్చే మీగడ, ఇంతవరకే నా పొదుపు.

చీపురుపల్లి మేడం, కందిపొడి కేజీ, వడియాలు అరకేజీ కావాలి, మా ఆఫీసులో ఇంకో నలుగురు అడుగుతున్నారు. విజయనగరం వస్తారా, మేమే చీపురుపల్లి రావాలా? ధర మీరు చెప్పిందే.

చీపురుపల్లి పొడులు:

శనివారం మా వాళ్ళు సరుకుకి విజయనగరం వస్తున్నారమ్మా, గంటస్తంభం దగ్గర ఇప్పిస్తాను. వడియాలు ఈ ఎండకి అయిపోయాయి, కొత్తవి వచ్చేవారం, పొడి మాత్రం రేపే వేయిస్తాం. కారం మామూలుగానా, తక్కువా?