దస్తగిరి - ఇందులో గిరి ఏ కొండ?

నల్లమల గాలి (పోస్టు):
అందరికీ నమస్కారం. చానా రోజుల నుంచి ఈ గ్రూపులో చదువుకుంటా పోవడమే గానీ రాసింది లేదు, ఈ రోజు ఒక పేరు కోసం రాయాల్సి వచ్చింది. మాది నంద్యాల పక్కన పల్లె. మా చిన్నాయన కొడుక్కి పోయిన నెల మగపిల్లోడు పుట్టినాడు. వానికి మా అబ్బ పేరే పెట్టాలని మా జేజి పట్టు (అబ్బ అంటే మా పక్క నాయన వాళ్ళ నాయన, కోస్తా వాళ్ళు తాతయ్య అనుకోండి, జేజి అంటే నాయనమ్మ). అబ్బ పేరు దస్తగిరి. మేం హిందువులం, ఇంటిదేవత చౌడమ్మ, అయినా మా ఊర్లో నా చిన్నప్పుడే నలుగురు దస్తగిరిలు ఉండేవాళ్ళు, అందులో ముగ్గురు హిందువులే, అదేదో వింత అని ఎవురూ అనుకోలేదు.

పిల్లోని తల్లి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. ఆయమ్మ వద్దనలేదు, "పెడదాం, కానీ అర్థం ఏంది?" అని ఒక్క మాట అడిగింది. అంతే, ఇంట్లో పదిమందిమి ఒకరి మొగం ఒకరు చూసుకున్యాం. ఫోన్లో పేర్ల యాప్ ఒకటి చూస్తే "కొండంత ధైర్యం కలవాడు" అని వచ్చింది. గిరి అంటే కొండ సరే, మరి దస్త ఏంది? దశ అనుకుంటే పది కొండలు కావాల. ఒకసారి బ్యాంకులో మా అబ్బను "డస్ట్ గిరి, డస్ట్ గిరి" అని పిలిచినారంట, ఆయన తనను కాదనుకుని బెంచీ మీద అట్నే కూచున్యాడు, వరస పోయింది. దుమ్ము కొండో, ధైర్యం కొండో, పది కొండలో మీరే తేల్చండి.

ఊరగాయ జాడీ:
హస్తిగిరి అయ్యుంటుందండీ. కంచి వరదరాజస్వామి కొండని హస్తిగిరి అంటారు కదా. జనానికి నోరు తిరక్క దస్తగిరి చేసుంటారు. మన పేర్లు ఎక్కడ తిరిగినా చివరికి సంస్కృతంలోకే వచ్చి పడతాయి, చూస్తూ ఉండండి.

దస్తావేజు తాత:
నాయనా, నేను నలభై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు ముందర వేపచెట్టు కింద కూచుని దస్తావేజులు రాసి బతికినోణ్ణి, నా మాట కొంచెం విను. కొండా లేదు, ఏనుగూ లేదు. అది ఫార్సీ మాట. దస్త్ అంటే చెయ్యి. గీర్ అంటే పట్టుకునేవాడు. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకునేవాడు, పడిపోయేవాణ్ణి చెయ్యిచ్చి లేపేవాడు. దీర్ఘం మన నోట్లో అరిగి గిరి అయింది. శేషగిరి, యాదగిరి, వెంకటగిరి అని పొద్దస్తమానం పిలిచే చెవులకి ఇంకోలా ఎట్లా వినపడుతుంది మరి.

ఆ రెండు ముక్కలూ నీ ఇంట్లోనే ఉన్నాయి, వెతుక్కో. దస్తావేజులో దస్త్ ఉంది. పాతవాళ్ళు సంతకాన్ని దస్తఖత్తు అనేవాళ్ళు, అంటే చేతిరాత. మన చేవ్రాలు కూడా అచ్చం అదే కట్టుబడి, చేయి, వ్రాలు. ఇక గీర్ కావాలంటే జాగీరు చూడు, జా అంటే చోటు, చోటు పట్టుకున్నవాడిది జాగీరు. జహంగీర్ పాదుషా ప్రపంచాన్ని పట్టుకున్నాడంట, మీ అబ్బ చెయ్యి పట్టుకున్నాడు, గీర్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

మూసీ ఒడ్డు:
మా దిక్కు చేతిరుమాలుని దస్తీ అంటం, గది గూడ గదేనా తాతా? మల్ల బందోబస్తుల ఉన్నది గూడ చెయ్యేనా?

దస్తావేజు తాత:
దస్తీ అదే. బందోబస్తులో మాత్రం చెయ్యి లేదు నాయనా, అది బంద్-ఓ-బస్త్, కట్టడం బిగించడం. బస్తులో దస్తు వినపడిందని పోలీసోళ్ళ చెయ్యి పట్టుకునేవు.

తోక లేని పిట్ట:
జాడీ గారు ఓడిపోయారని అందరూ అనుకుంటున్నారు గానీ ఆయన సగం గెలిచారు, అదెలాగో చెప్తా. హస్తిగిరి తప్పే, కానీ హస్తం తప్పు కాదు. సంస్కృతంలో హస్త, అవెస్తాలో (పార్సీల పాత మతగ్రంథం భాష) జస్త, పాత పారశీకంలో దస్త, ఈ మూడూ ఒక తల్లి పిల్లలు. ఒకటి ఇంకోదాన్నుంచి పుట్టలేదు, అక్కచెల్లెళ్ళు అనుకోండి. అలాగే గీర్ ఉన్న ఫార్సీ ధాతువుకి సంస్కృతంలో చుట్టం గ్రహ్, వేదంలో గ్రభ్. గ్రహణం, గ్రహించడం అంటాం కదా అది. అంటే దస్తగీర్‌ని ముక్కకి ముక్క సంస్కృతంలో పెడితే హస్తగ్రాహి. పెళ్ళిలో పాణిగ్రహణం అంటారు చూడండి, అక్కడ చెయ్యికి పాణి అనే వేరే మాట వాడారు గానీ పట్టుకోవడం మాత్రం అదే పట్టుకోవడం. ఇది నాకు మొదటిసారి తట్టినప్పుడు రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి మరీ చెప్పాను, ఆవిడ స్పందన ఇక్కడ రాయలేను.

ఊరగాయ జాడీ:
చూశారా! నేను చెప్పలా!

తోక లేని పిట్ట:
మీరు చెప్పింది ఏనుగు కొండ సార్.

సంగడిగుంట అక్క:
మాట అర్థం సరే, మనిషి ఎవరో ఎవరూ చెప్పలేదేంటి? దస్తగీర్ అనేది బిరుదు. ఆయన అసలు పేరు అబ్దుల్ ఖాదర్. ఇరాన్లో కాస్పియన్ సముద్రం పక్కన గీలాన్ అనే సీమ ఉంది, అక్కడ పుట్టారు కాబట్టి జిలానీ. చదువుకోడానికి బాగ్దాద్ వెళ్ళి అక్కడే గురువై 1166లో అక్కడే పోయారు. ఇప్పటికీ మా వాళ్ళు రబీ ఉస్సానీ నెలలో పదకొండో రోజున గ్యార్వీ అని ఆయన పేరు మీద ఫాతెహా ఇస్తారు, జెండా ఎక్కిస్తారు.

ఇప్పుడు మా ఇల్లు చూడండి. మా తాత ఖాదర్ వలి. నాన్న గౌస్ మొహిద్దీన్. చిన్నాన్న కొడుకు జిలాని. మా తమ్ముడు మాబు సుభాని, ఇంట్లో మాబు, వాడి ఫ్రెండ్స్‌కి సుభాని. ఒకరి పేరు ఒకరికి పెట్టుకున్నట్టు పైకి అస్సలు కనపడదు కదా? అన్నీ ఆ ఒక్కాయనవే! ఖాదర్ ఆయన పేరులోంచి. మొహిద్దీన్ అంటే మతానికి మళ్ళీ ప్రాణం పోసినవాడు, అదీ ఆయన బిరుదే. గౌస్ అంటే మొర వినేవాడు, ఆదుకునేవాడు. మహబూబె సుభానీ అంటే దేవుడికి ప్రియమైనవాడు, అది గుంటూరు నోట్లో పడి మాబు సుభాని అయింది. దానికి మీ దస్తగిరి కలుపుకోండి. ఎనిమిదొందల ఏళ్ళ కిందట బాగ్దాద్‌లో ఒక మనిషి, ఆయన పేరు ముక్కలు ముక్కలుగా మా గుంటూరు సందుల్లో క్రికెట్ ఆడుతోంది.

ఇంకోటి. ఎవరినీ ఉత్త అబ్దుల్ అని పిలవకండి దయచేసి, మా ఆఫీసులో చెప్పీ చెప్పీ విసిగిపోయా. అబ్దుల్ అంటే "ఫలానావారి దాసుడు"లో ఫలానా లేకుండా ఆగిపోవడం. రామదాసుని పట్టుకుని దాసూ అంటే అదైనా ఒక మాటే, ఇది సగం మాట.

నల్లమల గాలి:
అక్కా దండాలు. ఆ జెండా మాట చదివినాక నాకు ఒళ్ళు జలదరించింది, మా ఊరి నడిమధ్యన ఒక చెట్టును జెండామాను అంటాం, ఎందుకంటామో ఎప్పుడూ అడగలేదు. సాయంత్రం జేజిని అడిగొచ్చి రాస్తా.

మూసీ ఒడ్డు:
మాది సూర్యాపేట జిల్లా. జాన్‌పహాడ్ దర్గా మాకు దగ్గర్నే, జనవరిల ఉర్సు, బండ్లు కట్టుకొని పోయేటోల్లం చిన్నప్పుడు. మా ఏడో తరగతిల సైదులు ఒకడు, సైదిరెడ్డి ఒకడు, సైదానాయక్ ఒకడు. ముగ్గురు మూడు కులాలు, తురకోల్లు ఒక్కలు గూడ లేరు అండ్ల. అరబ్బీల సయ్యద్ అంటే దొర, పెద్దాయన. దానికి లు మనం తగిలిచ్చినం, రాములు, ఆంజనేయులు, వెంకటేశ్వర్లు లెక్క. దేవునికి మర్యాదకు బహువచనం ఇచ్చే మన అలవాటు సయ్యదుకు గూడ ఇచ్చినమన్నట్టు. నాకు ఈ లు మస్తు ఇష్టం.

సంగడిగుంట అక్క:
మస్తు అన్నావు కదా తమ్ముడూ, మా గుంటూరు మస్తానయ్య దర్గా పేరులో ఉన్నది ఆ మాటే. మస్త్ అంటే మత్తెక్కిన అని, దేవుడి ధ్యాసలో మునిగి లోకం మర్చిపోయినవాడు మస్తాన్. నెల్లూరు వైపు కసుమూరు మస్తాన్ వలి దర్గా ఉంది, ఆ చుట్టుపక్కల మస్తాన్ రావులకీ మస్తానయ్యలకీ లెక్కే లేదు. మస్తకం అంటే తల కాబట్టి తెలివైనవాడు అని ఒక యాప్‌లో చూసి నవ్వలేక చచ్చాను.

తోక లేని పిట్ట:
మస్త్‌కి సంస్కృతం చుట్టం మత్త, మన మత్తు. జాడీ గారూ, ఇది కూడా మీ ఖాతాలో వేసుకోండి.

చిత్రావతి:
అనంతపురం నుంచి ఒగ పేరు. కుళ్లాయప్ప. నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి అని పీరు, మొహర్రంకి జనం ఇసకేస్తే రాలరు, నిప్పులగుండం తొక్కుతారు, ముక్కాలు మంది హిందువులే. కుళ్లాయి అంటే టోపీ, ఫార్సీ కులాహ్ నుంచి వచ్చింది. ఇదేదో నిన్న మొన్న వచ్చిన మాట కాదు సామీ, కన్నడ రాజుల కొలువుకు పోయి విసిగిపోయిన శ్రీనాథుడు చెప్పినాడంటారే చాటువు, "కుల్లాయుంచితి కోక చుట్టితి" అని, ఆ కుల్లాయే ఇది. తలకు టోపీ పెట్టుకున్యానని ఏడ్సినాడు ఆయప్ప, మా వాళ్ళు టోపీకే మొక్కి కొడుక్కి పేరు పెట్టుకున్యారు.

కొండవీటి చేంతాడు:
పేరుకి తగ్గట్టు కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి. మాది ఫిరంగిపురం, పాత కథోలిక కుటుంబం. ఫార్సీ అరబ్బీ పేర్లు మన నోట్లో అరిగాయి అంటున్నారు, మా వాళ్ళు అరగదీయడమే కాదు, కొన్నిటిని తర్జుమా చేసి పెట్టారు. పేతురు అంటే గ్రీకులో రాయి, ఆయన మా ఊళ్ళో రాయప్ప. పౌలు లాటిన్లో చిన్నవాడు అని అర్థం, ఆయన చిన్నప్ప. ఎంత ముద్దుగా ఉందో చూడండి, బయటివాళ్ళెవరైనా వింటే అచ్చ తెలుగు పేరనుకుంటారు, అచ్చ తెలుగే కూడానూ. తోమాకి మాత్రం ఈ అదృష్టం పట్టలేదు. అరామిక్‌లో తోమా అంటే కవల, గ్రీకులో దానికి దిదుమ, మన బైబిల్లో "దిదుమ అనబడిన తోమా" అని చదువుతాం, అంటే కవల అనబడిన కవల అని. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం విన్నా, దిదుమ ఆయన ఇంటిపేరేమో అనుకునేవాణ్ణి.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది శౌరి. శౌరయ్య, శౌరెడ్డి, బాలశౌరి అని మా వైపు ఎక్కువ. శౌరి అంటే విష్ణువు, నిఘంటువులోనూ ఉంది, భాగవతంలోనూ ఉంది. కానీ మా శౌరి ఆ శౌరి కాదు, ఫ్రాన్సిస్ జేవియర్! జేవియర్ పలకలేక సవేరి, శౌరి. ఇప్పుడు జేవియర్ సంగతి. అది ఆయన పేరు కూడా కాదు, ఆయన పుట్టిన కోట పేరు, స్పెయిన్లో నవార్రా అనే సీమలో ఉంది. బాస్క్ భాషలో ఎచెబెరియా, అంటే కొత్త ఇల్లు. సో మా పెదనాన్న శౌరయ్య గారు అక్షరాలా కొత్తింటి అయ్య. ఆయన జీవితమంతా పాత పెంకుటింట్లోనే ఉన్నాడు పాపం.

ఊరగాయ జాడీ:
అంతా బాగానే ఉంది గానీ నాదొక డౌటు. అర్థం తెలీకుండా పేరు పెట్టుకోవడం ఏంటండీ? చెయ్యి పట్టుకునేవాడు అని తెలిసి పెట్టారా, కొత్త ఇల్లు అని తెలిసి పెట్టారా? తెలీనప్పుడు ఆ అర్థానికి విలువేముంది?

దస్తావేజు తాత:
జాడీ గారూ, పేరుకి అర్థం వేరు, కారణం వేరు. అర్థం నిఘంటువులో దొరుకుతుంది, కారణం ఆ ఇంట్లో ముసలమ్మ దగ్గర దొరుకుతుంది. పెంటయ్య అనే పేరు వేలమందికి రాశాను నేను పత్రాల్లో. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే ఈ బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తీసి ఆ పేరు పెట్టేవాళ్ళు. నిఘంటువు చూసి దానికేం అర్థం రాస్తారు? ఆ తల్లికి తెలుసు అది ఎంత ఖరీదైన పేరో.

నల్లమల గాలి:
అడిగొచ్చినాను. తాత చెప్పింది చెప్పినట్టే ఉంది. మా అబ్బకు ముందు ఇద్దరు మగపిల్లోళ్ళు పుట్టి పోయినారంట. మూడో కాన్పుకు ముందు మా అబ్బ వాళ్ళమ్మ జెండామాను కాడ మొక్కుకుంది, బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతా, ఏటా చక్కెర చదివింపులు (చక్కెర పెట్టి ఫాతెహా చదివించడం) చేయిస్తా అని. బిడ్డ నిలిచినాడు. మా జేజి ఇంటికొచ్చినాక కూడా ఆ చదివింపులు జరిగినాయంట, బెల్లం కాదు చక్కెరే కావాల అని ఫాతెహా చదివే ముజావరు ఒకసారి వెనక్కి పంపిచ్చినాడంట, అది మాత్రం ఈ రోజుకీ కోపంగా చెప్తాది. చెయ్యి పట్టుకునేవాడు అని అర్థం చెప్తే "అవునా" అని ఊరుకుంది, పెద్దగా ఏం అనుకోలేదు. కాసేపటికి "మరి పట్టుకున్యాడు కదా" అనింది.

దస్తావేజు తాత:
మీ అబ్బ పేరున పాత పత్రం ఏదైనా ఉంటే చూడు నాయనా, పేరు ఎట్లా రాశారో. మా ముందుతరం లేఖరులు కొందరు దస్తగీరు అనే రాసేవాళ్ళు.

నల్లమల గాలి:
ట్రంకుపెట్టెలో దొరికింది తాతా, 1961 నాటి పొలం కాగితం. పైన "దస్తిగిరి" అని గుడితో ఉంది, కింద "దస్తగిరి నిశాని" అని రాసి పక్కన వేలిముద్ర ఉంది. ఒకే కాగితంలో రెండు రకాలు. మా అబ్బకు సంతకం రాదు.

పిల్లోని తల్లికి ఇదంతా చదివి వినిపిచ్చినా. హస్తగ్రాహి దగ్గర ఆగి మళ్ళీ చదవమనింది. కొత్తింటి అయ్య దగ్గర పడీపడీ నవ్వింది. పేరు ఖాయం, దస్తగిరే, గీర్ అని దీర్ఘం పెడితే జేజి ఒప్పుకోలేదు, మా ఆయన దీర్ఘం లేకుండానే బతికినాడు అనింది. బర్త్ సర్టిఫికెట్ అప్లికేషన్ రేపు ఇస్తున్నాం, ఇంగ్లీషులో రాసేటప్పుడు డి పక్కన యు పడకుండా ఆయమ్మే కూచుని నింపుతాదంట.