నర్సరీ పాపను పదకొండు గంటల ఎండలో ఆడిస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి ఒక అమ్మ):
మా పాపకు మూడేళ్లు. ఒంటిపూట బడి మొదలయ్యాక నర్సరీలో పదకొండింటికి గ్రౌండ్‌లోకి వదులుతున్నారు. నిన్న బుగ్గలు, మెడ వెనక కందిపోయి వచ్చింది. స్నానం చేయిస్తే మంట అని ఒకటే ఏడుపు. సన్‌స్క్రీన్ రాసి పంపితే సరిపోతుందా? మా అత్తయ్యగారు చామనఛాయ పిల్లకి ఇవన్నీ ఎందుకంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయనగరం, చిన్నపిల్లల టీచరు):
అమ్మా, క్రీము సంగతి తర్వాత, ముందు ఆ వేళ మార్పించండి. మనం దేశానికి తూర్పు వైపు ఉన్నాం కదా, వేసవిలో మన దగ్గర సూర్యుడు పన్నెండుకు కాస్త ముందే నడినెత్తికి వచ్చేస్తాడు. మే నెల మధ్యలో అయితే నీడ సరిగ్గా కాళ్ల కిందే ఉంటుంది. వేడి మధ్యాహ్నం రెండు, మూడింటికి ఎక్కువ, కానీ చర్మాన్ని కాల్చే కిరణాలు ఈ నడినెత్తి వేళలోనే ఎక్కువ. గాలి చల్లగా ఉందని పదకొండింటికి వదలడం అందుకే తప్పు. మా పిల్లలకు నేను నేర్పింది ఒక్కటే: నీ నీడ నీకంటే పొట్టిగా ఉంటే చెట్టు కిందికి పరుగెత్తు. మూడేళ్ల పిల్లలకూ ఇది అర్థమవుతుంది.

ఒక్కరే అడిగితే వినరు. నలుగురు తల్లులు కలిసి వెళ్లి, ఆట ఎనిమిదింటికి పెట్టమని, పిల్లలు నీళ్లు తాగేలా వాటర్ బెల్ కొట్టమని అడగండి. ఎండలో ఉన్న జారుడుబల్లను ముందు చేత్తో తాకి చూడమని కూడా చెప్పండి. రేకుది అయితే తొడలు కాలతాయి.

ఇక క్రీము. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా ఆపైది, బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు చెవులు, మెడ వెనక, పాదాల పైన కూడా రాయండి. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పాతిక మంది పిల్లలున్న గదిలో అది జరగదు, అందుకే క్రీము మీదే ఆధారపడకండి. మోచేతులు దాటిన నూలు చొక్కా మేలు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి, అవతలివి కనబడితే ఎండ కూడా దిగుతుంది. క్రికెట్ క్యాప్ చెవుల్ని కాపాడదు, చుట్టూ అంచున్న టోపీ కొనండి. చామనఛాయకు కొంత రక్షణ ఉన్న మాట నిజమే, కానీ మీ పాప కందిపోయిందిగా, అత్తయ్యగారికి ఆ మెడే చూపించండి.

మళ్లీ ప్రశ్న:
థాంక్స్ అండీ. ఇప్పుడు మంటకి ఏం రాయాలి? తమ్ముడికి ఐదు నెలలు, వాడికీ క్రీము రాయొచ్చా?

జవాబు:
చల్లటి తడిగుడ్డ వేయండి, ఐసు మాత్రం పెట్టొద్దు. బొబ్బలు లేస్తే చిదపకుండా డాక్టరుకు చూపించండి. ఆరు నెలల్లోపు బిడ్డకు క్రీము వద్దు, నీడే మందు. వాడికి విడిగా నీళ్లు కూడా పట్టొద్దు, పాలే తరచూ ఇవ్వండి.

మరొకరు (శ్రీకాకుళం):
మా బాబుకి పలచటి మజ్జిగ, చోడి (రాగి) అంబలి ఇచ్చి పంపుతాను. చెమటకాయలకు పౌడరు దట్టించడం మానేశాక తగ్గాయి. ఒక్క మాట, పిల్ల ఒళ్లు కాలిపోతూ మగతగా పడి ఉంటే జ్వరం మందు పోస్తూ కూర్చోవద్దు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. మగతలో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.