అప్‌డేట్: పార్కింగ్‌లో మంచు తొలగింపు కాంట్రాక్ట్ కుదిరింది

మా వాణిజ్య భవనం పార్కింగ్‌లో మంచు తీయించడానికి సీజన్ మొత్తానికి ఒకే రేటు మాట్లాడుకోవాలా, లేక మంచు పడ్డప్పుడల్లా లెక్క కట్టాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సీజన్ రేటుకే వెళ్లాం. మంచు తక్కువ పడితే కొంత నష్టమే, కానీ బిల్లు ఎంత వస్తుందోనన్న టెన్షన్ ఉండదు.

అసలు తేడా తెచ్చింది రేటు కాదు, కాంట్రాక్టులో రాయించుకున్న షరతులు. మంచు ఎన్ని అంగుళాలు పడితే దాన్ని తోసే బండి రావాలి, ఎన్ని గంటలకల్లా దారి తెరిచి ఉండాలి, తీసిన మంచు ఎక్కడ పోయాలి, అన్నీ రాయించాం. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. కుప్ప ఎత్తు వైపున ఉంటే పగలు కరిగిన నీరు పార్కింగ్ మీదుగా పారి, రాత్రికి అద్దంలా గడ్డకడుతుంది. అందుకే పల్లం వైపు, డ్రెయిన్‌కీ ఫైర్ హైడ్రెంట్‌కీ (మంటలు ఆర్పేవాళ్లు నీళ్లు తీసుకునే కుళాయి) అడ్డం రాకుండా చోటు గుర్తుపెట్టించాం.

మంచు కరగడానికి చల్లే ఉప్పుకు ఒక పరిమితి ఉందని నా ప్రశ్నకు జవాబుగా మీరు చెప్పింది నిజమే. మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటి చలి పెరిగితే సరిగా పనిచేయదు. అలాంటి రాత్రులకు ఇంకా ఎక్కువ చలిలోనూ పనిచేసే కాల్షియం క్లోరైడ్ అనే లవణం వాడమన్నాం. మంచు పడకముందే ఉప్పునీళ్లు చల్లితే మంచు నేలకు అతుక్కోదు, తోయడం తేలికవుతుంది. వర్షంతో మొదలయ్యే తుఫానుకు మాత్రం ఇది వద్దు, కొట్టుకుపోతుంది.

వచ్చిన ప్రతిసారీ సమయం, ఫొటోలు పంపాలని కూడా పెట్టాం. ఎవరైనా జారిపడితే ఆ రికార్డే ఆధారం. మెట్లు, ర్యాంపుల దగ్గర చేత్తో తీసే పని ఇంకా ఆలస్యమవుతోంది, దానిమీద వాళ్లతో మాట్లాడుతున్నాం.