పోకో ఎఫ్1లో ఆండ్రాయిడ్ తీసివేసి లినక్స్ వేసుకోవచ్చునా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
2018లో వచ్చిన పోకో ఎఫ్1 మా ఇంట్లో ఉంది. అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైనా అందులోని స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసర్ ఇప్పటికీ చురుకుగానే పనిచేస్తోంది. ప్లస్ టూ చదువుతున్న మా చెల్లెలు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలని పట్టుదలగా ఉంది గాని, ఈ ఏడాది ల్యాప్‌టాప్ కొనే స్తోమత మాకు లేదు. ఫోన్ల కోసం చేసిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేస్తే చదువుతోపాటు ఫోన్ కాల్స్, యూపీఐ చెల్లింపులు కూడా సాగుతాయా?

జవాబు (రాయగడ నుంచి):
చదువు కోసమైతే నిస్సంకోచంగా వేయండి. ఇంటిల్లిపాదికీ ఆధారం ఆ ఒక్క ఫోనే అయితే మాత్రం దయచేసి వద్దు.

ఆండ్రాయిడ్ అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నలే (హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగం). కాకపోతే ఫోన్ల కంపెనీలు దానికి తమ మార్పులు చేర్చి, కొన్నేళ్ల తర్వాత పట్టించుకోవడం మానేస్తాయి. ఆల్పైన్ అనే తేలికపాటి లినక్స్ పునాదిగా 2017లో వెలుగు చూసిన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ఫోన్‌ను పదేళ్లపాటు వాడుకోగలగాలన్న లక్ష్యంతో నడుస్తోంది. మీ ఫోన్‌కు కావలసిన మద్దతు అసలు లినక్స్ కెర్నల్‌లోనే చేరింది కనుక పాత ఫోన్లలో ఇది మంచి ఎంపిక.

చిక్కంతా కాల్స్ దగ్గరే. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ (4జీ మీదుగా కాల్ వెళ్లే పద్ధతి) పనిచేయకపోతే ఆ సిమ్‌తో మామూలు కాల్ వెళ్లదు. లినక్స్ ఫోన్లలో వోల్టీ ఇంకా నమ్మదగిన స్థితికి రాలేదు. అర్ధరాత్రి అంబులెన్సును పిలవవలసి వస్తే ఏమిటన్నది ముందే ఆలోచించండి. వేడ్రాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆండ్రాయిడ్ యాప్‌లు నడపవచ్చు గాని, చెల్లింపుల యాప్‌లు ఫోన్ భద్రతను పరీక్షిస్తాయి కనుక వాటిపై ఆశ పెట్టుకోకండి.

జవాబు (బరంపురం నుంచి):
రాయగడ మిత్రులు చెప్పినదానికి పని వివరాలు చేరుస్తాను. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే ప్రోగ్రాము) అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది, కాబట్టి ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి. షావోమీ ఖాతాతో అనుమతి తీసుకుని కొన్ని రోజులు ఆగవలసి రావచ్చు. అన్‌లాక్ చేసే సాధనం విండోస్‌లో నడుస్తుంది కనుక తెలిసినవారి కంప్యూటర్ కొద్దిసేపు అడిగి తీసుకోండి.

ఈ ఫోన్ తెరల్లో తియాన్మా, ఈబీబీజీ అని రెండు రకాలున్నాయి. మీ తెరకు తగిన ఇమేజ్‌నే (ఫోన్‌లో ఎక్కించే వ్యవస్థ ఫైల్‌ను) ఎంచుకోవాలి. తర్వాత నోటో తెలుగు ఫాంటు వేసి, బ్లూటూత్ కీబోర్డు జత చేస్తే మీ చెల్లెలు హాయిగా ప్రోగ్రాములు రాసుకోగలదు.

జవాబు (సిరొంచ నుంచి):
ఫోన్ల కోసమే ఉన్న మరో లినక్స్ ఉబుంటు టచ్‌నూ ఒకసారి పరిశీలించండి. 2017లో ఉబుంటు సంస్థ కెనానికల్ వదిలేశాక యూబీపోర్ట్స్ బృందం దాన్ని నిలబెట్టింది. అది హేలియం అనే అనుసంధాన పొర ద్వారా ఆండ్రాయిడ్ డ్రైవర్లనే (ఫోన్ భాగాలను నడిపే ప్రోగ్రాములనే) వాడుకుంటుంది కాబట్టి కెమెరా వంటివి సాధారణంగా మెరుగ్గా పనిచేస్తాయి. పైథాన్ ఒక్కటే కావాలంటే మాత్రం, కోరిన ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్లు) నేరుగా వేసుకునే వీలున్న పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌కే నా ఓటు. కాల్స్‌కు, చెల్లింపులకు వేరే ఫోన్ ఉంచుకోండి.