పొడవుకొమ్ముల గోమారి: అడవి జంతువుల్లో దీన్ని నిజంగా పోషిస్తున్నవి ఏవి?

వెట్_రాజేంద్రనగర్:
సెమినార్ కోసం అమెరికాలో పాతుకుపోయిన పొడవుకొమ్ముల గోమారి, అంటే హీమాఫైసాలిస్ లాంజికార్నిస్ తీసుకున్నాను. ఆతిథేయుల జాబితా చాంతాడంత ఉంది: తెల్లతోక జింక, రకూన్, ఒపోసం, నక్క, కయోటీ, గ్రౌండ్‌హాగ్, చివరికి కెనడా బాతు కూడా. వీటిలో ఏది పోషిస్తోంది, దేనికి ఊరికే అంటుకుంది? ఎలా తేల్చాలి? ఇంకో సందేహం. శంషాబాద్ వైపు మేకల చెవుల్లోంచి తీసినవి అచ్చం దీని ఫొటోల్లోలాగే ఉన్నాయి. మన దగ్గరికీ వచ్చేసిందా?

పరాన్నజీవి_గది:
జాబితాలో పేరుంటే ఆ జంతువు మీద ఒక్కటైనా దొరికిందని మాత్రమే అర్థం. ఇది మూడు ఆతిథేయుల గోమారి. లార్వా (గుడ్డులోంచి వచ్చిన పిల్ల), నింఫ్ (దాని తర్వాతి దశ), ఎదిగిన ఆడది ఒక్కో దశలో ఒక్కో జంతువు రక్తం తాగి నేలకు రాలుతుంది. అందుకే దశలవారీగా విడివిడిగా లెక్కపెట్టండి. ప్రతి దశలో రక్తం తాగి ఉబ్బినవెన్నో పక్కనే రాయండి. ఉబ్బనివి ఎన్ని ఉన్నా అవి ఎక్కాయనే తెలుస్తుంది, కడుపు నిండిందని తెలియదు.

చెవులు, కళ్ల చుట్టూ, మెడ, గజ్జలు, తోక కింద వెతికినా లార్వాలు కొన్ని తప్పించుకుంటాయి. చిన్న జంతువులకైతే తీగ జాలి అడుగున్న బోను, దాని కింద నీళ్ల పళ్లెం పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచుతారు. తాగి రాలినవన్నీ పళ్లెంలో దొరుకుతాయి, నిజమైన లెక్క అదే. వాటిని మూతకు గుడ్డ కట్టిన సీసాలో వేసి, అడుగున పొటాషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం ఉన్న డెసికేటర్‌లో (గాలి చొరని మూత ఉన్న గాజు పాత్రలో) పెడితే 25 డిగ్రీల దగ్గర తేమ 93 శాతం నిలుస్తుంది. కుబుసం విడిచి తర్వాతి దశకు వెళ్లినవెన్నో చూడండి. సీసా గోడకు నీటి బొట్లు పడితే మాత్రం బూజు పట్టి అన్నీ పోతాయి.

ఒక్క నెల లెక్కతో తీర్పు చెప్పొద్దు. తూర్పు అమెరికాలో వసంతంలో నింఫ్‌లు, జూన్-జులైలో పెద్దవి, ఆగస్టు-సెప్టెంబర్‌లో లార్వాలు ఎక్కువ. జులైలో మాత్రమే జింకను చూస్తే కథ సగమే.

తుమ్మచెట్టు:
పై మాటకు ఒక సవరణ. ‘ఊరికే అంటుకుంది’ అని తీసిపారేయకండి. అక్కడి ఆడవి మగవి లేకుండానే గుడ్లు పెడతాయి, ఒక్కోటి రెండు వేల దాకా. కడుపు నిండిన ఒక్క ఆడది కుక్క మీదో కయోటీ మీదో వెళ్లి రాలితే చాలు. సంఖ్యను నిలబెట్టే జంతువు వేరు, దూరం మోసే జంతువు వేరు. పట్టికలో రెండు గడులు పెట్టండి. 2017లో న్యూజెర్సీలో గొర్రె మీద బయటపడింది కానీ, దాచిన పాత నమూనాలు మళ్లీ చూస్తే 2010లోనే వెస్ట్ వర్జీనియా జింక మీద ఉన్నట్టు తేలింది. తెల్లపాదాల ఎలుక మీద మాత్రం ఇది అరుదు, ప్రయోగశాలలో కూడా లార్వాలు దాన్ని అంతగా ఇష్టపడలేదు. గోమారుల వల్ల మనుషులకు సోకే లైమ్ జబ్బు క్రిమికి అక్కడ ముఖ్య నిలయం ఆ ఎలుకే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

స్లైడ్_సార్:
మేకల సంగతికొద్దాం. కంగారు పడకండి, అది మన పాత హీమాఫైసాలిస్ బైస్పైనోసా అయ్యుండే అవకాశమే ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఉన్న లాంజికార్నిస్‌నే 1960ల దాకా బైస్పైనోసా అని రాసుకున్నారు, అంత పోలిక. తేడా నోటి ముల్లు మీది పళ్ల వరసల్లో చూడాలి. మధ్యగీతకు ఒక్కో పక్క నాలుగైతే బైస్పైనోసా, ఐదైతే లాంజికార్నిస్. పది శాతం కాస్టిక్ పొటాష్‌లో మెత్తబరిచి స్లైడ్ మీద వెల్లకిలా పెట్టండి. ఫోన్ ఫొటోతో తేలదు.

సన్నటి ఫోర్సెప్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. ముల్లు చర్మంలో విరిగిపోతే ఆ నమూనా ఈ పనికి వృథా. ఆకారం కోసం 70 శాతం ఆల్కహాల్, డీఎన్‌ఏ కోసం 95. లేబుల్ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

చెవులపిల్లినీ ముంగిసనూ పట్టాలనుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద ముందు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అది వచ్చేలోపు గడ్డి మీది గోమారుల కోసం చదరపు మీటరు తెల్ల ఫ్లానెల్ గుడ్డను మేత బీడులో లాగుతూ పది మీటర్లకోసారి తిప్పి చూడండి. మంచు తడి ఆరాకే లాగాలి, తడిస్తే గుడ్డకు ఏమీ పట్టదు.

తుమ్మచెట్టు:
సెమినార్‌లో పోలికకు టెక్సస్ పెట్టండి. మన పశువుల గోమారి మైక్రోప్లస్‌ను అక్కడ మోస్తున్నవాటిలో మన మనుబోతు కూడా ఉంది, 1920ల తర్వాత తీసుకెళ్లి వదిలిందే. మైక్రోప్లస్‌కు మూడు దశలూ ఒకే జంతువు మీద. జింకలకు ఐవర్‌మెక్టిన్ (గోమారులను చంపే మందు) కలిపిన మొక్కజొన్న పెడతారు, మనుబోతు ఆ తొట్ల వైపు రాదు. అందుకే కంచె కింద అవి దూరే దారుల్లో వాటంతటవే పనిచేసే స్ప్రేయర్లు పెట్టి చూశారు.