సమస్యాపూరణం: బరువు దించువాఁడె బలియుఁ డగును

నిర్వాహకుడు, విజయవాడ:
ఈ వారం ఆటవెలది. ఇచ్చిన పాదం, «బరువు దించువాఁడె బలియుఁ డగును». ఎత్తేవాడు కదా బలవంతుడు, దించేవాడెలా అవుతాడన్నదే చిక్కు. జిమ్ములో మెషీన్ల దాకా వచ్చి, డంబెళ్లూ బార్లూ ఉన్న వైపు అడుగేయడానికి జంకేవాళ్లకు పనికొచ్చేలా పూరించండి. వర్ణనలొద్దు. బారు (పొడవాటి ఇనుప కడ్డీ), ప్లేటు (దానికి తగిలించే బరువు బిళ్ల), పిన్ను (బారు కింద పడకుండా ఆపే అడ్డ కడ్డీ) లాంటి మాటలు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. గణాలూ యతీ మాత్రం తప్పకూడదు.

పటమటవాసి:
వట్టి బారు చాలు వలదు సిగ్గించుక
యిరువదౌ కిలోలె యెవరికైన
పక్కవానిఁ జూచి పందెమ్ములకుఁ బోక
బరువు దించువాఁడె బలియుఁ డగును

బ్రాడీపేట, గుంటూరు:
మూడో పాదం దివ్యంగా ఉంది. రెండోదానితోనే పేచీ. 20 కిలోలు పురుషుల ఒలింపిక్ బారుకు, మహిళలది 15. ఇవి కాక మన జిమ్ముల్లో సన్న బార్లుంటాయి, వాటి బరువు పది కిలోలకు అటూ ఇటూ. 50 మిల్లీమీటర్ల రంధ్రమున్న ప్లేట్లు బిగువుగా ఎక్కితే అది ఒలింపిక్ బారు. అనుమానముంటే మూలనున్న తూకం మెషీన్ మీద నిలబెట్టి చూడటమే. సన్న బారును 20 అనుకుని లెక్క రాసుకున్నవాడు ఒలింపిక్ బారు కిందికి వెళ్లిన రోజు, నిన్నటి ప్లేట్లే ఇవాళ ఎందుకు లేవట్లేదో తెలియక బెదిరిపోతాడు. «యిరువదో పదైదొ యెత్తి చూడు» అంటే యతీ నిలుస్తుంది, మాటా నిజమవుతుంది.

పటమటవాసి:
మార్చేశాను గురువుగారూ. ‘పదైదు’ వాడుక మాట, పండితులు క్షమిస్తారని ఆశ.

కొరిటెపాడు (మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి):
అద్దమెదుట నిలిచి డంబెల్లు పట్టుకొని
తుంటి వెనుకఁ జేర్చి తొడలు సాఁగ
వెన్ను నిలువుగాను వీఁగక నేలపై
బరువు దించువాఁడె బలియుఁ డగును

సత్యనారాయణపురం:
తమ్ముడూ, రెండో పాదం పాతకాపులు రాసినట్టుంది. తుంటిని వెనక్కి నెట్టినప్పుడు తొడ వెనక కండ లాగినట్టుండటమే సరైన గుర్తు. ఆ లాగుడు నడుములో తెలిస్తే వెన్ను వంగిందన్నమాట.

మొదటి పాదంలో ‘పట్టుకొని’ గురువూ మూడు లఘువులూ, ఆ కొలతలో ఇంద్రగణం లేదు. ‘అ’కు ‘డం’తో యతీ చెల్లదు. «అద్దమెదుట నిలిచి యందుకో డంబెల్లు» అనండి, రెండూ తీరతాయి. ఇక ‘నిలువుగాను’. తుంటి దగ్గర వంగినప్పుడు వెన్ను నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. కావలసింది తిన్నగా ఉండటం, కాబట్టి «వెన్ను తిన్నఁగాను». అద్దం గురించి ఇంకో ముక్క. వంగి ఉండి అద్దంలోకి చూడాలంటే మెడ ఎత్తాలి. చూపు ఐదారడుగుల ముందు నేల మీద ఉంచి, ఫోన్‌ను పక్కన నిలబెట్టి వీడియో తీసుకోవడం మేలు.

గవర్నరుపేట:
ఎత్తఁ జాలు నొకటి యెంచుచు మూఁడంకె
లాఁగి యాఁగి దింప లాభ మొందు
జాఱవిడువఁ గండ సగమె ఫలముఁ గాంచు
బరువు దించువాఁడె బలియుఁ డగును

బ్రాడీపేట, గుంటూరు:
‘లాభమొందు’ ఎవరు? కర్త కోసం మూడో పాదం దాకా వెళ్లి ‘కండ’ను లాక్కురావాలి. పైగా ‘ఆఁగి యాఁగి’ అంటే మెట్లు దిగినట్టు ఆపి ఆపి దించుతారు. ఒకే ఊపున, నిదానంగా రావాలి. «లంతవఱకు దింప» అంటే సరి. ‘సగమె’ కవి గారి లెక్క, దాన్ని కొలతగా తీసుకోకండి. బెరుకున్నవాళ్లకు ఈ మూడంకెల దింపుడు ఇంకోలా కలిసొస్తుంది. మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి వణికి జారితే ఆ డంబెల్ ఎక్కువైనట్టే, దాని కింది జతకు మారాలి.

కృష్ణలంక:
పట్టుకొనుట కంటె వదలుట ముందుగ
నేర్వ భయము తొలఁగు నిమిషమందె
కుంగి లేవలేక కూలక పిన్నుపై
బరువు దించువాఁడె బలియుఁ డగును

సత్యనారాయణపురం:
సమస్యకు అసలు సమాధానం ఇదే. జనం భయపడేది బరువుకు కాదు, మధ్యలో ఇరుక్కుపోతే నలుగురిలో ఏమవుతుందోనని. ఆ ‘ఏమవుతుందో’ ముందే చేసి చూసుకుంటే సగం తీరుతుంది.

ఇది స్క్వాట్, అంటే బారును భుజాల మీద పెట్టుకుని కుంగి లేవడం. పద్యంలో పట్టని వివరాలు ఇక్కడ రాస్తున్నాను. బారు నిలిపే కొక్కేలు రొమ్ము మధ్యకు సరిగా ఉండాలి. మునివేళ్ల మీద లేచి తీయాల్సి వస్తే ఎత్తు ఎక్కువైనట్టు, మళ్లీ పెట్టేటప్పుడు అందక అక్కడే తడబడతారు. తరవాత వట్టి బారుతో పూర్తిగా కుంగి, అక్కడ బారు ఎంత ఎత్తులో ఉందో చూసుకుని, పిన్నులు దానికి రెండు మూడంగుళాలు కిందికి పెట్టాలి. మరీ పైకి పెడితే ప్రతిసారీ తగులుతుంది, మరీ కిందికి పెడితే అవసరానికి అందదు. ఆ పైన వట్టి బారుతోనే కావాలని లేవకుండా, వెన్ను తిన్నగా ఉంచి మరికాస్త కుంగి, బారును పిన్నుల మీద ఆనించి కిందినుంచి బయటికి రండి. రెండు మూడుసార్లు చేస్తే చాలు. చప్పుడవుతుంది, అవనివ్వండి.

గవర్నరుపేట:
బెంచీ మీద పడుకుని బారును పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌కు ఏంటండీ దారి? అక్కడ కుంగేదేముంది!

సత్యనారాయణపురం:
ర్యాకులో, అంటే కొక్కేలూ పిన్నులూ ఉన్న చట్రంలో, బెంచీ వేసుకుంటే పిన్నులు రొమ్ముకు కాస్త కింద, మెడకు పైన ఉండాలి. పిన్నులు లేని బెంచీ అయితే పక్కన ఒకర్ని నిలబెట్టుకోండి. «అన్నా, ఎనిమిది చేస్తాను, ఆగిపోతే పట్టు, లేకపోతే ముట్టుకోవద్దు» అని ముందే చెప్పాలి. ఎవరూ లేకపోతే బరువు తగ్గించి, క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చొచ్చు, కానీ అటు ఖాళీ కాగానే ఇటువైపు విసురుగా పడుతుంది. అది ఆఖరి దారి. బొటనవేలు మాత్రం బారు చుట్టూ ఉండాలి, మన మే నెల చెమటకు మరీను.

పటమటవాసి (రెండో పూరణ):
ఒక్కవైపె యన్ని యూడఁదీయఁగ బారు
తిరగఁబడును దాఁకుఁ దెలియకున్న
నిటొక టటొక టంచు నింపుగా సరిచూచి
బరువు దించువాఁడె బలియుఁ డగును

బ్రాడీపేట, గుంటూరు:
‘ఇటొక టటొక టంచు’ నోట్లో భలే తిరుగుతోంది. రెండు వైపులకూ ఒక ప్లేటుకు మించి తేడా రాకూడదన్నది సూత్రం, పద్యమూ అదే చెప్తోంది. ‘ఇంపుగా’ మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది.

ఇంకో కోణం ఎవరూ ముట్టలేదు. మన స్టువర్టుపురం రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ విభాగంలో స్నాచ్ (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 151, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, ఆ పైన తలపైకి ఎత్తడం) 187, మొత్తం 338 కిలోలతో స్వర్ణం తెచ్చాడు. ఆ పోటీల్లో తలపైకి ఎత్తగానే అయిపోదు. కదలకుండా నిలబడి, దించమని సంకేతం వచ్చాకే దించాలి. ముందే దించితే ఆ ఎత్తు చెల్లదు.

నిర్వాహకుడు, విజయవాడ:
కృష్ణలంక గారిదే ఈ వారం మేటి పూరణ. కొరిటెపాడు తమ్ముడు సవరించిన పద్యం మళ్లీ పెట్టాలి. ‘సంకేతం’ మీద పూరణలకు సోమవారం రాత్రి దాకా గడువిస్తున్నాను. ‘సిగ్నల్’ అని రాసేవాళ్లు ‘సిగ్న’ సూర్యగణమని మర్చిపోకండి, ‘ల్’ ఎక్కడ సర్దుతారో మీ ఇష్టం.